పెట్టె మనదే.. విండోస్‌ ఎవరిది?

వాడిన వర్క్‌స్టేషన్‌ కొనేటప్పుడు ప్రాసెసర్‌ చూస్తాం, ర్యామ్‌ చూస్తాం, గ్రాఫిక్స్‌ కార్డు ఎన్ని జీబీలో అడుగుతాం. అందులో నడిచే విండోస్‌ ఏ బాపతు లైసెన్సుతో వచ్చిందో మాత్రం అడగం. ఆర్నెల్ల తర్వాత తెర మీద ‘యాక్టివేట్‌ విండోస్‌’ అని పడినప్పుడు గుర్తొస్తుంది. అప్పటికి దుకాణదారు ఫోన్‌ ఎత్తడు. ఆ పరిస్థితి రాకుండా కొనే ముందే ఏం చూసుకోవాలి?

గుడ్లవల్లేరులో సివిల్‌ ఇంజినీరింగ్‌ చదివే విద్యార్థికి ఆటోక్యాడ్‌, రెవిట్‌ నడిచే కంప్యూటర్‌ కావాలి. మచిలీపట్నం చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్‌ నగలకు త్రీడీ డిజైన్లు గీయాలన్నా, పెడనలో కలంకారీ డిజైన్లను కంప్యూటర్‌ మీద సిద్ధం చేయాలన్నా, అవనిగడ్డలో పెళ్లి వీడియోలు ఎడిట్‌ చేయాలన్నా మామూలు ల్యాప్‌టాప్‌ చాలదు. కొత్త వర్క్‌స్టేషన్‌ ధర వింటే ఇంట్లోవాళ్లు ‘పంట డబ్బులు రానీరా, చూద్దాం’ అంటారు. అందుకే అందరి చూపూ సెకండ్‌హ్యాండ్‌ మీద పడుతోంది. బెంగళూరు, హైదరాబాద్‌ కంపెనీలు లీజు గడువు తీరాక వదిలించుకునే హెచ్‌పీ జెడ్‌ సిరీస్‌, డెల్‌ ప్రెసిషన్‌, లెనోవో థింక్‌స్టేషన్‌ యంత్రాలు కొత్త సాధారణ డెస్క్‌టాప్‌ ధరకే దొరుకుతున్నాయి. యంత్రాలు గట్టివే. చిక్కంతా వాటిలోని ఆపరేటింగ్‌ సిస్టమ్‌ దగ్గరే.

యాక్టివేషన్‌ వేరు.. లైసెన్సు వేరు

‘విండోస్‌ వేసే ఇస్తాం తమ్ముడూ, ఫుల్‌ యాక్టివేటెడ్‌’ అన్న మాట దాదాపు ప్రతి దుకాణంలోనూ వినిపిస్తుంది. ఆ మాట నిజమే కావచ్చు. కానీ యాక్టివేషన్‌ ఉన్నంత మాత్రాన లైసెన్సు ఉన్నట్టు కాదు.

డెల్టాలో పెరిగినవాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. చేలో నాట్లు వేసినంత మాత్రాన కౌలుదారు హక్కుదారు అయిపోడు. పొలం కొనాలంటే పాసుపుస్తకం, ఈసీ చూసుకుంటాం. విండోస్‌ విషయంలో యాక్టివేషన్‌ అంటే సాగులో ఉండటం, లైసెన్సు అంటే పాసుపుస్తకం. మొదటిదాన్ని దొడ్డిదారిన తెచ్చుకోవచ్చు, రెండోదాన్ని తెచ్చుకోలేం.

విండోస్‌ లైసెన్సులు ప్రధానంగా మూడు రకాలు.

ఓఈఎం: కంప్యూటర్‌తో పాటు కంపెనీయే ఇచ్చేది. ఇది మదర్‌బోర్డుకు కట్టుబడి ఉంటుంది. కంప్యూటర్‌ చేతులు మారితే దాంతోపాటే పోతుంది, వేరే కంప్యూటర్‌కు మార్చుకోవడం కుదరదు. విండోస్‌ 8 కాలం (2012) నుంచి పెద్ద కంపెనీలు ఈ కీని బోర్డులోని ఫర్మ్‌వేర్‌లోనే రాసి పంపుతున్నాయి.

రిటైల్‌: దుకాణంలోనో, మైక్రోసాఫ్ట్‌ సైట్‌లోనో విడిగా కొనేది. పాత యంత్రం నుంచి తీసేసి కొత్త యంత్రంలో వేసుకోవచ్చు.

వాల్యూమ్‌: కంపెనీలు, విశ్వవిద్యాలయాలు ఒప్పందం మీద మొత్తంగా తీసుకునేది. ఇది సంస్థది. యంత్రాన్ని అమ్మేసినప్పుడు దీన్ని కలిపి అమ్మే వీల్లేదు. కౌలు చేనును కౌలుదారు అమ్మలేనట్టే.

సెకండ్‌హ్యాండ్‌ వర్క్‌స్టేషన్లలో ఎక్కువ గొడవ ఈ మూడో రకంతోనే. ఎందుకంటే అవి వచ్చేది కంపెనీల నుంచే.

‘ఎంటర్‌ప్రైజ్‌’ అని కనిపిస్తే..

సెట్టింగ్స్‌లో ‘విండోస్‌ ఎంటర్‌ప్రైజ్‌’ అని కనిపిస్తే వెంటనే అనుమానించాలి. అది దుకాణంలో విడిగా అమ్మే ఎడిషన్‌ కాదు. ఇలాంటి యంత్రాలు చాలావరకు కేఎంఎస్‌ అనే పద్ధతిలో యాక్టివేట్‌ అవుతాయి. ఆఫీసు నెట్‌వర్క్‌లోని సర్వర్‌ను పలకరించి, ఒక్కోసారి 180 రోజులకు అనుమతి తెచ్చుకోవడం ఈ పద్ధతి. ఆఫీసులో ఉన్నంతకాలం అనుమతి దానంతటదే పొడిగించుకుంటూ పోతుంది. అదే యంత్రం కోడూరులోని ఒక ఇంటికి చేరితే సర్వర్‌ ఎక్కడిది? 180 రోజులు గడిచాక యాక్టివేషన్‌ పోతుంది. కొన్న ఆర్నెల్లకు సమస్య రావడానికి అసలు కారణం ఇదే. యంత్రం చెడిపోలేదు, గడువు తీరిందంతే.

ఇక్కడో మంచి వార్త కూడా ఉంది. కంపెనీలకు దొరికే వాల్యూమ్‌ విండోస్‌ అసలు అప్‌గ్రేడ్‌ మాత్రమే. దాని కింద మరో అర్హత గల లైసెన్సు ముందే ఉండాలి. అంటే ఆ వర్క్‌స్టేషన్‌ కంపెనీకి వచ్చినప్పుడు చాలాసార్లు ఓఈఎం ‘ప్రో’తోనే వచ్చి ఉంటుంది. విండోస్‌ 10 ప్రోతో వచ్చిన యంత్రమైతే ఆ కీ ఇంకా బోర్డులో భద్రంగానే ఉంటుంది. మైక్రోసాఫ్ట్‌ సైట్‌ నుంచి మీడియా క్రియేషన్‌ టూల్‌ దించుకుని, డిస్కు మొత్తం తుడిచి, ప్రో ఎడిషన్‌ మళ్లీ వేస్తే నెట్‌కు కలపగానే సక్రమంగా యాక్టివేట్‌ అవుతుంది. అప్పుడు పైసా ఖర్చు లేదు. ఈ సంగతి తెలియక ‘కీ’ కోసం మళ్లీ డబ్బు కడుతున్నవారున్నారు.

అయితే బోర్డు మారి ఉంటే ఈ దారి మూసుకుపోయినట్టే. సముద్రం పక్కన ఉప్పుగాలికి, కరెంటు హెచ్చుతగ్గులకు బోర్డులు దెబ్బతినడం తీరప్రాంతంలో వింతేమీ కాదు. నాగాయలంకలోనో, మచిలీపట్నంలోనో ఎవరో కొన్నాళ్లు వాడి, బోర్డు మార్పించి అమ్ముతున్న యంత్రమైతే పాత ఓఈఎం లైసెన్సు పాత బోర్డుతోనే పోయింది. పాత జియాన్‌ ప్రాసెసర్‌ను చైనా ‘ఎక్స్‌99’ బోర్డులో పెట్టి అమ్మే అసెంబుల్డ్‌ సెట్లకు అసలు ఓఈఎం లైసెన్సే ఉండదు. చౌకగా వస్తుంది కదా అని తీసుకుంటే విండోస్‌ ఖర్చు వేరేగా పడుతుంది.

రెండు ప్రాసెసర్లున్నాయా?

వర్క్‌స్టేషన్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. హెచ్‌పీ జెడ్‌840, డెల్‌ ప్రెసిషన్‌ 7810 లాంటి వాటిలో రెండు జియాన్‌ ప్రాసెసర్లు పెట్టుకోవచ్చు. విండోస్‌ హోమ్‌ ఒక్క ప్రాసెసర్‌నే వాడుకుంటుంది. రెండోది బోర్డు మీద ఖాళీగా కూర్చుంటుంది. రెండు చిప్పులకు డబ్బిచ్చి ఒక్కదానితో పని చేయించుకున్నట్టన్నమాట. ప్రో అయితే రెండింటినీ, ‘ప్రో ఫర్‌ వర్క్‌స్టేషన్స్‌’ అయితే నాలుగింటి వరకూ వాడుతుంది. ర్యామ్‌ విషయంలోనూ హోమ్‌కు 128 జీబీ, ప్రోకు 2 టీబీ, వర్క్‌స్టేషన్స్‌ ఎడిషన్‌కు 6 టీబీ పరిమితులున్నాయి.

పేరులో వర్క్‌స్టేషన్స్‌ అని ఉంది కాబట్టి మీకూ అదే కావాలనుకోకండి. 2017లో వచ్చిన ఆ ఎడిషన్‌ పెద్ద సర్వర్‌ స్థాయి పనులకు ఉద్దేశించింది. అమెరికాలో విండోస్‌ 11 హోమ్‌ ధర 139 డాలర్లయితే ప్రో 199, ప్రో ఫర్‌ వర్క్‌స్టేషన్స్‌ 309 డాలర్లు. ఆటోక్యాడ్‌కూ, వీడియో ఎడిటింగ్‌కూ ప్రో సరిపోతుంది.

పాత స్టిక్కర్‌తో పని జరగదు

‘ఒరిజినల్‌ స్టిక్కర్‌ ఉంది చూడండి’ అని క్యాబినెట్‌ మీద విండోస్‌ 7 లేబుల్‌ చూపిస్తారు. ఒకప్పుడు ఆ కీతోనే విండోస్‌ 10 యాక్టివేట్‌ అయ్యేది. ఉచిత అప్‌గ్రేడ్‌ గడువు 2016 జులై 29తో ముగిసినా, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ దారి తెరిచే ఉంది. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్‌ దాన్ని మూసేసింది. ఇప్పుడు విండోస్‌ 7, 8, 8.1 కీలతో కొత్తగా 10 గానీ 11 గానీ యాక్టివేట్‌ కావు. అదే బోర్డు మీద అంతకు ముందే విండోస్‌ 10 డిజిటల్‌ లైసెన్సు నమోదై ఉంటే మాత్రం అది చెల్లుతుంది.

దీనికి తోడు విండోస్‌ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులకు అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్‌ ప్రకటించింది. విండోస్‌ 11కు టీపీఎం 2.0, సెక్యూర్‌ బూట్‌, ఆమోదిత జాబితాలోని ప్రాసెసర్‌ కావాలి. ఇంటెల్‌ కోర్‌ శ్రేణిలో కొద్ది మినహాయింపులు తప్ప 8వ తరం నుంచే ఆ జాబితా మొదలవుతుంది. సెకండ్‌హ్యాండ్‌ మార్కెట్‌లో విరివిగా దొరికే జియాన్‌ ఈ5 శ్రేణి అందులో లేదు. అడ్డదారిలో 11 ఎక్కించి ఇచ్చేవాళ్లున్నారు. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్‌ స్పష్టంగానే చెబుతోంది. కాబట్టి ఈ5 యంత్రం ఎంత చౌకైనా, దాని మీద ఎన్నాళ్లు ఏ సిస్టమ్‌ నడుపుతారో తేల్చుకున్నాకే బేరానికి దిగండి.

నాలుగొందల ‘కీ’ కథ

రిటైల్‌ విండోస్‌ వేల రూపాయలుంటే, ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకే కీ ఎలా దొరుకుతోంది? కొన్ని పారేసిన కంప్యూటర్ల స్టిక్కర్ల నుంచి తీసినవి, కొన్ని కంపెనీల వాల్యూమ్‌ ఒప్పందాల నుంచి జారినవి. అమ్మేవాళ్లు ఐరోపా తీర్పును చూపిస్తుంటారు. 2012 జులై 3న యూజ్డ్‌సాఫ్ట్‌, ఒరాకిల్‌ కేసులో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం వాడిన సాఫ్ట్‌వేర్‌ లైసెన్సును కొన్ని షరతులతో తిరిగి అమ్ముకోవచ్చంది. ఆ తీర్పు అక్కడి దేశాలకే వర్తిస్తుంది. పైగా అమ్మేవాడు తన కాపీని తొలగించాలన్నది అందులోని షరతు. ఒకే కీని పదిమందికి అమ్మడానికి అది అనుమతి కాదు. ఇలాంటి కీ ఈ రోజు పనిచేసి, రేపు రద్దు కావచ్చు.

ఇక పూర్తి ‘ఫ్రీ’ దారి.. క్రాక్‌ టూల్స్‌. ఇవి ముందుగా అడిగేదే యాంటీవైరస్‌ ఆపేయమని. 2021 డిసెంబరులో రెడ్‌ కెనరీ అనే భద్రతా సంస్థ, కేఎంఎస్‌పికో పేరుతో తిరుగుతున్న నకిలీ ఇన్‌స్టాలర్ల ద్వారా క్రిప్ట్‌బాట్‌ అనే మాల్వేర్‌ వ్యాపిస్తోందని బయటపెట్టింది. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, క్రిప్టో వ్యాలెట్ల వివరాలు దోచేయడం దాని పని. మీ ప్రాజెక్టు ఫైళ్లు, నాన్నగారి బ్యాంకు లాగిన్‌ ఒకే కంప్యూటర్‌లో ఉంటే నష్టం ఎవరికో ఆలోచించండి.

దుకాణంలోనే పావుగంట

గేదెను కొనేటప్పుడు పాలు పిండి చూసుకోనిదే డబ్బులివ్వం కదా. ఇదీ అంతే. డబ్బు చేతిలో ఉండగానే ఈ పరీక్షలు చేయండి.

1. సెట్టింగ్స్‌లో సిస్టమ్‌, అందులో యాక్టివేషన్‌ తెరవండి. ‘డిజిటల్‌ లైసెన్సు’ అని ఉంటే ఒక మెట్టు దాటినట్టు. ‘మీ సంస్థ యాక్టివేషన్‌ సర్వీసు’ అన్న అర్థం వచ్చే మాట ఉంటే అది కేఎంఎస్‌.

2. కమాండ్‌ ప్రాంప్ట్‌లో ఎస్‌-ఎల్‌-ఎం-జీ-ఆర్‌ అని అక్షరాలు కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్‌ పెట్టి ఎక్స్‌-పీ-ఆర్‌ అని కొట్టండి. గడువు తేదీ చూపిస్తే వాల్యూమ్‌ లైసెన్సు. స్లాష్‌ తర్వాత డీ-ఎల్‌-ఐ అని కొడితే ఓఈఎమ్మా, రిటైలా, వాల్యూమా అన్నది కనిపిస్తుంది.

3. మైక్రోసాఫ్ట్‌ స్టోర్‌లో ఉచితంగా దొరికే ‘షోకీప్లస్‌’ యాప్‌ బోర్డులో ఓఈఎం కీ ఉందో లేదో, ఉంటే ఏ ఎడిషన్‌దో చూపిస్తుంది. హోమ్‌ కీ ఉన్న బోర్డు మీద ప్రో నడుస్తుంటే ఆ ప్రో ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి.

4. విండోస్‌ను రీసెట్‌ చేయించి, మీ ఫోన్‌ హాట్‌స్పాట్‌తో నెట్‌కు కలిపి మొదటి సెటప్‌ చూడండి. ఏదైనా కంపెనీ పేరు కనిపించి ఆఫీసు ఈ-మెయిల్‌తో లాగిన్‌ కమ్మంటే అది ఇంకా ఆ సంస్థ ‘ఆటోపైలట్‌’ జాబితాలోనే ఉన్నట్టు. దాన్ని తీయగలిగేది ఆ సంస్థే. ఎంత తగ్గించినా కొనొద్దు.

5. బయోస్‌లోకి వెళ్లండి. పాస్‌వర్డ్‌ అడిగితే, అది దుకాణదారుకూ తెలియకపోతే వదిలేయండి. బయోస్‌లో చూపించే సీరియల్‌ నంబరు, క్యాబినెట్‌ మీది నంబరు ఒకటేనా చూడండి. తేడా ఉంటే బోర్డు మారి ఉండొచ్చు.

6. బిల్లు తీసుకోండి. మోడల్‌, సీరియల్‌ నంబరు, విండోస్‌ ఎడిషన్‌, లైసెన్సు రకం అందులో రాయించండి. ‘అవన్నీ ఎందుకండీ, మా మీద నమ్మకం లేదా’ అంటే, ‘నమ్మకం ఉంది కాబట్టే మీ దగ్గరికొచ్చామండీ, కాలేజీలో చూపించాలి’ అని చెప్పండి. బిల్లు రాయడానికి వెనకాడే లైసెన్సు మీద మీరు డబ్బు పెట్టక్కర్లేదు.

పరీక్షలన్నీ నెగ్గినా చివరి మాట ఒకటుంది. కొన్ని క్రాక్‌ టూల్స్‌ కూడా తెర మీద ‘డిజిటల్‌ లైసెన్సు’, ‘శాశ్వతం’ అని చూపించగలవు. అందుకే బోర్డులోని ఓఈఎం కీ, బిల్లు, అసలైన లేబుల్‌.. వీటిలో ఏదో ఒక ఆధారం ఉండాలి. మైక్రోసాఫ్ట్‌ గుర్తింపు పొందిన రీఫర్బిషర్లు వాడిన కంప్యూటర్లకు కొత్త లైసెన్సు వేసి, ప్రత్యేక లేబుల్‌ అతికించి అమ్ముతారు. ధర కాస్త ఎక్కువైనా గొడవ ఉండదు.

లైసెన్సు లేదని తేలితే కొనడం మానేయాలనేమీ లేదు. ‘విండోస్‌ లేకుండా ఎంత?’ అని అడగండి. ప్రో రిటైల్‌ ధర ఎంతో ఫోన్‌లో చూసి, అంత తగ్గించమనండి. లోపం తెలిసినవాడికే బేరం కుదురుతుంది.

చట్టం ఏమంటోంది?

అనుమతి లేని కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో ప్రోగ్రామ్‌ వాడటం కాపీరైట్‌ చట్టం 63-బీ సెక్షన్‌ కింద నేరం. 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. లాభం కోసమో, వ్యాపారంలో భాగంగానో వాడలేదని తేలితే కోర్టు జైలు శిక్ష లేకుండా 50 వేల వరకు జరిమానాతో సరిపెట్టవచ్చు. ఇంట్లో నేర్చుకునే విద్యార్థికీ, అదే కంప్యూటర్‌తో డబ్బు తీసుకుని ప్లాన్లు గీసే ఫ్రీలాన్సర్‌కూ ఉన్న తేడా ఇదే. మొదటి ఆర్డర్‌ తీసుకున్న రోజే మీరు రెండో వరుసలోకి వెళ్లినట్టు.

సాఫ్ట్‌వేర్‌ అసలు సరుకేనా అన్న ప్రశ్న మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌, ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం మధ్య అమ్మకం పన్ను వివాదంలో 2004 నవంబరు 5న రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. డిస్కులో పెట్టి అందరికీ అమ్మే సాఫ్ట్‌వేర్‌ సరుకేనని తేల్చింది. కొన్నవారికి దక్కేది ఆ కాపీ మాత్రమే, దాని మీద కాపీరైట్‌ తయారీదారు దగ్గరే ఉంటుంది. మన సమస్య మూలం కూడా అక్కడే.

‘ఒరిజినల్‌’ అని చెప్పి నకిలీ అంటగడితే వినియోగదారుల రక్షణ చట్టం-2019 ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోన్‌ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌ మచిలీపట్నంలోనే ఉంది. సొంతంగా పనిచేసుకుని బతకడం కోసం కొన్న యంత్రమైనా ఈ చట్టం కిందికి వస్తుంది. అప్పుడు మీ చేతిలో ఉండాల్సింది ఆ బిల్లే.

విండోస్‌ లేకుండా నడవదా?

చేసే పనిని బట్టి ఉంటుంది. విండోస్‌ 11 నడవని ఈ5 వర్క్‌స్టేషన్‌ మీద ఉబుంటు లాంటి లినక్స్‌ చక్కగా నడుస్తుంది, రెండు ప్రాసెసర్లనూ వాడుకుంటుంది, లైసెన్సు రుసుం లేదు. త్రీడీకి బ్లెండర్‌, మ్యాపులకు క్యూజీఐఎస్‌, డిజైన్‌కు ఫ్రీక్యాడ్‌, ప్రోగ్రామింగ్‌కు దాదాపు అన్నీ అందులో దొరుకుతాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో లక్షల కంప్యూటర్లు లినక్స్‌ మీదే నడుస్తున్నాయి. తెలుగువాళ్లలో స్వేచ్ఛ సంస్థ ఈ ఉద్యమాన్ని కొన్నేళ్లుగా నడుపుతోంది.

పరిమితులూ తెలుసుకోవాలి. ఆటోక్యాడ్‌, రెవిట్‌, ఫొటోషాప్‌లకు లినక్స్‌ వెర్షన్లు లేవు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ పనికి విండోసే కావాలి. డావిన్సీ రిజాల్వ్‌ ఉచిత వెర్షన్‌ లినక్స్‌లో సాధారణ కెమెరాలు, ఫోన్లు తీసే హెచ్‌.264 వీడియోలను నేరుగా తీసుకోదు. పెళ్లి వీడియోలు ఎడిట్‌ చేసేవారికి ఇది పెద్ద అడ్డంకే. ఆటోడెస్క్‌ మాత్రం విద్యార్థులకు తన సాఫ్ట్‌వేర్‌ను ఏడాదికోసారి పొడిగించుకునేలా ఉచితంగా ఇస్తోంది. దాన్ని చదువుకే వాడాలి, కూలి పనులకు కాదు.

ఇందులోనూ ఉపాధి

ఈ తలనొప్పిని పనిగా మార్చుకునే అవకాశమూ ఉంది. పెద్ద కంపెనీల్లో ఐటీ అసెట్‌ మేనేజ్‌మెంట్‌ అని ఒక విభాగమే ఉంటుంది. ఏ యంత్రంలో ఏ లైసెన్సు ఉంది, అమ్మేటప్పుడు ఏది తీసేయాలి, డేటా ఎలా తుడవాలి అన్నవి చూసుకోవడం అక్కడి పని. దీనికి ఐఎస్‌ఓ 19770 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమూ ఉంది. కోడింగ్‌ మీద ఆసక్తి లేని డిప్లొమా, డిగ్రీ విద్యార్థులకు ఇది మంచి దారి.

సొంతూళ్లోనే ఉండాలనుకునేవారికి గుడివాడ, అవనిగడ్డ లాంటి చోట్ల మరో పని ఉంది. పాత యంత్రాలు తెచ్చి, డిస్కు శుభ్రంగా తుడిచి, బోర్డులోని లైసెన్సుతోనే విండోస్‌ వేసి, లైసెన్సు లేకపోతే లినక్స్‌ వేసి, ఆ మాటే బిల్లు మీద రాసి అమ్మడం. ‘ఈ కుర్రాడు ఉన్నదున్నట్టు చెబుతాడు’ అన్న పేరు ఒకసారి వస్తే చిన్న ఊళ్లో దానంతట అదే పాకుతుంది.

ముందుగా మీ ఇంట్లో ఉన్న కంప్యూటర్‌తోనే మొదలుపెట్టండి. రెండో పరీక్ష చేయడానికి నిమిషం చాలు. గడువు తేదీ కనిపిస్తే కంగారు పడొద్దు. మూడో పరీక్ష చేసి, బోర్డులో ఓఈఎం కీ ఉందేమో చూసుకోండి. పరిష్కారం ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.